ఆఫీసు ముందు ఆగే కొరియన్ ఫ్యూజన్ ట్రక్‌లో ఏం తినాలి, ఏం అడగాలి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: హైదరాబాద్ నుంచి కాలిఫోర్నియాకి వచ్చి మూడు నెలలైంది. ఆఫీసు పార్కింగ్‌లో ప్రతి మంగళవారం ఒక కొరియన్ ఫ్యూజన్ (కొరియన్, మెక్సికన్ రుచులు కలిపి వండే) ఫుడ్ ట్రక్ ఆగుతుంది, టీమంతా అక్కడే లంచ్. మీరు బీఫ్ తినరు. మీతో వచ్చే స్నేహితురాలు పూర్తి శాకాహారి. బోర్డు మీద రాసింది సగం అర్థం కాదు, వెనక లైన్లో వాళ్ళు చూస్తున్నారని టెన్షన్. పైగా "పదహారు డాలర్లు పెట్టేంత విషయం ఉందా? అసలు ఇది కొరియన్ తిండా, మెక్సికన్ తిండా?" అని అడిగారు.

ముందు పనికొచ్చే జవాబు చెప్పి, మిగతాది తీరిగ్గా చెప్తాను. మొదటిసారి రెండు టాకోలు, అంటే చిన్న రొట్టెలో కూరిక పెట్టి మడిచి ఇచ్చేవి, తీసుకోండి, ఒకటి చికెన్, ఒకటి టోఫు (సోయా పనీర్). అన్నం మీద అన్నీ పోసిచ్చే బౌల్ వద్దు, ఫ్రైస్ వద్దు, పెద్ద రొట్టెలో చుట్టిచ్చే బురిటో అసలే వద్దు. టాకో చిన్నది కాబట్టి నచ్చకపోయినా పోయేది నాలుగైదు డాలర్లే. మాంసం బాగా ఊరిందా, క్యాబేజీ తాజాగా ఉందా, రొట్టెని పెనం మీద కాల్చారా లేక ఊరికే వెచ్చబెట్టి ఇచ్చారా అన్నవన్నీ ఆ రెండు టాకోల్లోనే తెలిసిపోతాయి. నేను పదమూడేళ్ళుగా ఇలాంటి ట్రక్కుల దగ్గర మధ్యాహ్నం భోజనం చేస్తున్నాను. మొదటి ఐదేళ్ళు లాస్ ఏంజెలెస్‌లో, ఆ తర్వాత టెక్సస్‌లోని ఆస్టిన్‌లో. డబ్బు దండగ అనిపించిన రోజులు చాలానే ఉన్నాయి, కడుపు పాడైన రోజులు మాత్రం వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

బీఫ్ సంగతి దగ్గరే మనవాళ్ళు ఎక్కువగా తడబడతారు. ఈ మెనూల్లో బీఫ్ అన్న మాట ఎక్కడా కనబడకుండానే బీఫ్ ఉంటుంది. "గాల్బి" అని రాసినా, "కాల్బి" అని రాసినా, "షార్ట్ రిబ్" అని రాసినా ట్రక్కుల్లో అది ఆవు పక్కటెముక మాంసమే అనుకోండి. "బుల్గోగి" అంటే మాటకి మాట నిప్పు మాంసం. బుల్ అంటే నిప్పు, గోగి అంటే మాంసం. ఏ జంతువుదో పేరులో లేదు. అయితే దానికి ముందు చికెన్ అనో పోర్క్ అనో రాయకపోతే అది బీఫే. "హౌస్ స్పెషల్", "లోడెడ్" అని రాసినవాటిలో ఏ మాంసం కావాలో వాళ్ళు అడగకపోతే మీరే అడగండి. నా మొదటి నెలలో నేను అడగలేదు. "బుల్గోగి ఫ్రైస్" అంటే ఏదో సాస్ పేరనుకున్నాను. సగం తిన్నాక పక్కనున్న కొరియన్ సహోద్యోగి "నువ్వు బీఫ్ తింటావా? నాకు తెలీదే" అన్నాడు. తప్పు నాదే, ట్రక్‌వాళ్ళది కాదు.

ఇంకో విషయం, పెనం ఒకటే. ట్రక్ లోపల వంట చేసే జాగా మన అపార్ట్‌మెంట్ వంటింట్లో సగం కూడా ఉండదు. పొడుగాటి ఇనప పెనం ఒకటి ఉంటుంది. చికెన్, పోర్క్, బీఫ్, టోఫు అన్నీ దాని మీదే, చాలాసార్లు ఒకే అట్లకాడతోనే. ఆ పట్టింపు మీకుంటే ఆర్డర్ చెప్పేటప్పుడే అడగండి. కొందరు పెనం ఓ మూల గీకి, తుడిచి, విడిగా వేసిస్తారు. కొందరు రద్దీలో కుదరదని ముఖం మీదే చెప్పేస్తారు. అలా చెప్పేవాళ్ళే నయం, తల ఊపి ఊరుకునేవాళ్ళకన్నా.

మీ స్నేహితురాలి విషయంలో ఇంకొంచెం జాగ్రత్త కావాలి. క్యాబేజీ, ముల్లంగి, మిరపపొడి కనబడతాయి కాబట్టి కిమ్చి అనే పులియబెట్టిన క్యాబేజీ పచ్చడి శాకాహారం అనుకుంటాం. మామూలు కిమ్చిలో చేపల సాస్ పడుతుంది, ఉప్పులో ఊరిన చిన్న రొయ్యలు కూడా పడతాయి. ఆ రుచికి వెన్నెముకే అది. చేపలూ రొయ్యలూ లేకుండా చేసే కిమ్చి కూడా ఉంది, కానీ అది వేరేగా తెప్పించుకోవాలి లేదా వేరేగా చేసుకోవాలి. ఒక ట్రక్ మెనూలో కిమ్చి కెసడియా (చీజ్ పెట్టి మడిచి కాల్చిన రొట్టె) పక్కన ఆకుపచ్చ ఆకు బొమ్మ ఉండేది. మా టీమ్‌లో శాకాహారులు ముగ్గురు ఆరు నెలలు అదే తిన్నారు. ఒకరోజు రద్దీ లేనప్పుడు నేను ఊరికే అడిగాను, కిమ్చిలో ఫిష్ సాస్ ఉందా అని. కిటికీలో అమ్మాయి లోపలికి వెళ్ళి కనుక్కుని వచ్చి, "ఉంది, కానీ కొంచెమే" అంది. ఆ ముగ్గురిలో ఒకావిడ ఆ రోజు నుంచి నాతో ఫుడ్ ట్రక్ మాటెత్తడం మానేసింది. ఆకు బొమ్మ వేసినవాళ్ళు మోసం చేయాలనుకోలేదు. మాంసం ముక్క లేకపోతే శాకాహారమే అని ఇక్కడ చాలామంది లెక్క.

అందుకని మీ స్నేహితురాలు ఆ ఆకు బొమ్మని నమ్మొద్దు, మూడు ప్రశ్నలు అడగాలి. కిమ్చిలో చేపల సాస్ ఉందా? టోఫుకి పట్టించే సాస్ మాంసానికి పట్టించేదేనా, వేరేదా? గోధుమ రొట్టెలో లార్డ్, అంటే పందికొవ్వు ఉందా? మొక్కజొన్న రొట్టెకైతే మూడోది అక్కర్లేదు. పైన గీతలుగీతలుగా పోసే నారింజరంగు సాస్ చాలాసార్లు మయోనీజ్‌లో కారం కలిపిందే, అందులో గుడ్డు ఉంటుంది. పక్కన పెట్టే పసుపచ్చ ముల్లంగి ముక్కలు మాత్రం తియ్యటి సిర్కాలో ఊరబెట్టినవి, అవి తినొచ్చు. నువ్వుల ఎలర్జీ ఉన్నవాళ్ళకైతే ఈ తిండి దాదాపు అసాధ్యం. నువ్వులనూనె లేని సాస్ ఉండదు. అమెరికాలో 2023 జనవరి 1 నుంచి నువ్వుల్ని కూడా ప్రధాన ఎలర్జీ పదార్థాల్లో తొమ్మిదోదిగా చేర్చారు కాబట్టి అడిగితే చాలామందికి జవాబు తెలిసే ఉంటుంది. సోయా సాస్‌లో గోధుమ ఉంటుందని కూడా గుర్తుపెట్టుకోండి.

నిజం చెప్పాలంటే, పెనం కూడా విడిగా ఉండాలనేంత నిష్ఠ ఆవిడకుంటే, ఆ మంగళవారం ఇంటినుంచి పెరుగన్నం తెచ్చుకుని మీ పక్కన కూర్చోవడమే మేలు. బలవంతంగా తినిపించి సరదా అనిపించలేం.

ఇక రుచి. మన నాలుకకి మొదట తగిలేది కారం కాదు, తీపి. మాంసాన్ని సోయా సాస్, చక్కెర, వెల్లుల్లి, ఉల్లికాడ, నువ్వులనూనె, తురిమిన కొరియన్ పియర్ పండులో నానబెడతారు. పియర్ బదులు కొందరు కివి వేస్తారు. మనం ముదురు మటన్‌కి పచ్చి బొప్పాయి పట్టిస్తాం చూడండి, ఇదీ ఆ పనే. పండులోని ఎంజైములు మాంసాన్ని మెత్తబరుస్తాయి. కివి ఎక్కువసేపు ఉంచితే మాంసం పిండైపోతుంది, అదీ బొప్పాయిలాగే. వేడి పెనం మీద పడగానే ఆ చక్కెర మాడుతూ అంచులు నల్లబడతాయి. ఆ మాడు వాసనే అసలు సరుకు. రద్దీ ట్రక్కులో ముక్కలన్నీ ఒకేసారి కుప్పగా పోసేస్తే నీరూరి ఉడుకుతాయి, వేగవు. మీ టాకోలో మాంసం గోధుమరంగులో తడితడిగా ఉండి, ఒక్క నల్ల అంచూ లేదంటే ఆ రోజు వాళ్ళ చెయ్యి బాగాలేదన్నమాట.

కారం గురించి మాత్రం భయం వద్దు. "స్పైసీ" అని ఎర్రటి మిరపకాయ బొమ్మలు మూడు వేసినా గుంటూరు సన్నం తిని పెరిగినవాళ్ళకి అది కారం కాదు. కొరియన్ మిరపపొడి రంగులో ఘనం, ఘాటులో తక్కువ. గోచుజాంగ్ అనే ఎర్ర ముద్ద ఉంటుంది. మిరపపొడి, జిగురు బియ్యం, పులియబెట్టిన సోయా, ఉప్పు కలిపి నెలల తరబడి పులియనిస్తారు. తియ్యగా, ఉప్పగా, చివర్లో కాస్త మంటగా ఉంటుంది. మొదటిసారి తిన్నప్పుడు ఇందులో బెల్లం ఎందుకు కలిపారు అనిపించింది నాకు. రెండు మూడు వారాలకి అలవాటైంది. కారం నిజంగా కావాలంటే "ఎక్స్‌ట్రా స్పైసీ" అని అడగకండి, అదే తియ్యటి సాస్ ఇంకా ఎక్కువ పోస్తారు. హాలపీన్యో అనే మెక్సికన్ పచ్చిమిర్చి ముక్కలో, ఎర్ర సాల్సా అనే మెక్సికన్ పచ్చడో అడగండి.

కిమ్చిని మనవాళ్ళు "కొరియా ఆవకాయ" అంటుంటారు. ఈ పోలిక సగం నిజం. సందడి చూస్తే నిజమే. వేసవిలో మన ఇళ్ళలో మామిడికాయలు కొట్టినట్టు, చలికాలం ముందు అక్కడ ఇంటిల్లిపాదీ, ఇరుగుపొరుగూ కూర్చుని రాశులకొద్దీ క్యాబేజీకి కారం పట్టిస్తారు. దాన్ని కిమ్‌జాంగ్ అంటారు. దక్షిణ కొరియా కిమ్‌జాంగ్‌ని 2013లో యునెస్కో సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. లోపల జరిగే పని మాత్రం వేరు. ఆవకాయలో పులుపు మామిడికాయది, కాపాడేది ఉప్పూ నూనే. కిమ్చిలో నూనె చుక్క ఉండదు. ఉప్పులో మగ్గిన ఆకుకూరని లాక్టిక్ బాక్టీరియా పులియబెడుతుంది. ఆ పులుపుకి మన దగ్గర చుట్టం ఆవకాయ కాదు, తరవాణి. చద్దన్నం కుండలో కుడితి పులిసిన ఆ వాసన తెలిసినవాళ్ళకి కిమ్చి మొదటి రోజే నచ్చుతుంది. తెలియనివాళ్ళు ముక్కు మూసుకుంటారు. మా పిల్లలు రెండో రకం.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న, ఇది ఏ దేశం తిండి అని. నా జవాబు, ఇది లాస్ ఏంజెలెస్ తిండి. సియోల్‌లోనూ పుట్టలేదు, మెక్సికోలోనూ పుట్టలేదు. మంచూరియాలో గోబీ మంచూరియా దొరకనట్టే, ఇరానీ చాయ్ కోసం ఇరాన్ వెళ్ళక్కర్లేనట్టే. దాన్ని ఆ రెండు దేశాల తూకంలో పెట్టి తూచితే రెండుచోట్లా తక్కువే తూగుతుంది.

లాస్ ఏంజెలెస్‌లో టాకో ట్రక్కులు కొత్తవి కావు. వాటిని స్పానిష్‌లో "లోంచెరా" అంటారు. కట్టడాలు జరిగేచోటికి, కుట్టుమిషన్ల ఫ్యాక్టరీల ముందుకి మధ్యాహ్నం భోజనం తీసుకెళ్ళే బళ్ళు అవి. 1974లో ఒకాయన పాత ఐస్‌క్రీమ్ బండిని టాకో బండిగా మార్చి ఈస్ట్ లాస్ ఏంజెలెస్‌లో అమ్మడం మొదలుపెట్టాడు. తర్వాత అదే కింగ్ టాకో అనే పెద్ద హోటళ్ళ వరస అయ్యింది. ఇంకోపక్క 1965లో అమెరికా వలస చట్టం మారాక కొరియన్లు పెద్ద ఎత్తున వచ్చి నగరం నడిమధ్యలో కొరియాటౌన్ కట్టుకున్నారు. పేరుకి కొరియాటౌన్, అక్కడ కాపురం ఉండేవాళ్ళలో దాదాపు సగం మంది మెక్సికో, మధ్య అమెరికా దేశాల మూలాలవాళ్ళే. కొరియన్ హోటల్ వంటింట్లో మాంసం కాల్చేది చాలాచోట్ల మెక్సికన్ వంటవాళ్ళు. పని అయ్యాక మిగిలిన గాల్బిని రొట్టెలో చుట్టుకుని సాల్సా వేసుకుని తినడం ఎవరూ నేర్పాల్సిన పని కాదు కదా. బోర్డు మీద పేరు పెట్టి అమ్మడమే తరువాయి.

ఆ పని కోగి అనే ట్రక్ చేసింది, 2008 నవంబర్‌లో. పేరు గుర్తుపట్టారుగా, గోగి అంటే మాంసం. ఆలోచన మార్క్ మంగేరాది. ఆయన ఫిలిప్పీన్ మూలాలవాడు, పెళ్ళి చేసుకుంది కొరియన్ కుటుంబంలో. వంట రాయ్ చోయ్‌ది. ఆయన 1970లో సియోల్‌లో పుట్టి, పసితనంలోనే అమెరికా వచ్చి, పెద్ద పెద్ద హోటళ్ళలో చెఫ్‌గా చేసినవాడు. అప్పట్లో టాకో రెండు డాలర్లు. మొక్కజొన్న రొట్టెలు రెండు, వాటిలో కాల్చిన షార్ట్ రిబ్, సాల్సా, కొత్తిమీర ఉల్లిపాయ నిమ్మరసం, పైన సోయా కారం కలిపిన క్యాబేజీ. రాత్రి బార్లు మూసేవేళకి, యూనివర్సిటీ హాస్టళ్ళ ముందు బండి ఆపి, ఎక్కడున్నామో ట్విట్టర్‌లో చెప్పేవాళ్ళు. అప్పటికి ట్విట్టర్ ఎందుకు పనికొస్తుందో చాలామందికి తెలీదు. జనం బండి వెంట పడ్డారు. 2010లో ఫుడ్ అండ్ వైన్ పత్రిక దేశంలోని ఉత్తమ కొత్త చెఫ్‌ల జాబితాలో రాయ్ చోయ్‌ని చేర్చింది. ట్రక్ నడిపే చెఫ్‌కి ఆ గౌరవం దక్కడం అదే మొదలు.

కాలం కూడా కలిసొచ్చింది. 2008లో ఆర్థికమాంద్యం వచ్చి కట్టడాలు ఆగిపోయాయి. కూలీలకి భోజనం పెట్టే బళ్ళు ఖాళీగా పడున్నాయి, అద్దెకి దొరికాయి. హోటళ్ళలో ఉద్యోగాలు పోయిన వంటవాళ్ళూ ఖాళీగానే ఉన్నారు. జేబులో డబ్బు లేని జనానికి రెండు డాలర్ల విందు దొరికింది.

ఇక్కడ నాకు ఎప్పుడూ గుచ్చుకునే విషయం ఒకటుంది. అదే 2008 ఏప్రిల్‌లో లాస్ ఏంజెలెస్ కౌంటీ (మన జిల్లాలాంటిది) బోర్డు, టాకో ట్రక్ ఒకేచోట గంటకు మించి ఆగితే వెయ్యి డాలర్ల దాకా జరిమానా, ఆరు నెలల దాకా జైలు అని నిబంధన పెట్టింది. ఆగస్టులో ఒక జడ్జి దాన్ని కొట్టేశాడు. మరో మూడు నెలలకి కోగి వచ్చింది, ఫుడ్ ట్రక్ అన్నది ఒక్కసారిగా ఫ్యాషనైపోయింది. ముప్ఫై ఏళ్ళు ఎండలో నిలబడి ఆ దారి వేసిన లోంచెరావాళ్ళకి పత్రికల్లో అంత పేరు రాలేదు. కోగి తప్పు కాదది. ఫ్యూజన్ ట్రక్ ముందు నిలబడ్డప్పుడల్లా నాకు అది గుర్తొస్తుంది.

ఇక కొరియన్ మాంసానికి మెక్సికన్ రొట్టె ఎందుకంత బాగా కుదిరిందంటే, కొరియా భోజనంలో ముందే ఆ పద్ధతి ఉంది. దాన్ని "సామ్" అంటారు. లెట్యూస్ ఆకునో పెరిల్లా ఆకునో అరచేతిలో పరిచి, కాస్త అన్నం, కాల్చిన మాంసం ముక్క, వెల్లుల్లి, కారం ముద్ద పెట్టి, మడిచి, మన కిళ్ళీలాగా మొత్తం ఒకేసారి బుగ్గన పెట్టుకుంటారు. సగం కొరికి సగం పళ్ళెంలో పెట్టడం మర్యాద కాదు. టాకోలో ఆకు పోయి రొట్టె వచ్చింది, నిర్మాణం అదే. అందుకే నేను టాకో తీసుకోమని చెప్పింది. బౌల్‌లో అదే మాంసం, అదే క్యాబేజీ అన్నం మీద పోసి ఇస్తారు గానీ, కిళ్ళీని విప్పి ఆకు, సున్నం, వక్క విడివిడిగా నమిలినట్టుంటుంది.

కలిపి వండుకోవడం కొరియన్లకి కొత్త కూడా కాదు. 1950-53 యుద్ధం తర్వాత తిండికి కటకటలాడే రోజుల్లో, అమెరికన్ సైనిక స్థావరాల నుంచి బయటికొచ్చిన డబ్బా మాంసం, సాసేజీలు కిమ్చితో కలిపి ఉడకబెట్టి పులుసు చేసుకున్నారు. సైన్యం పులుసు అనే అర్థం వచ్చేలా దానికి "బుడే జిగే" అని పేరు. సియోల్‌కి ఉత్తరాన ఉయ్‌జాంగ్‌బు ఊరు ఇప్పటికీ దానికి పేరుమోసింది. ఇప్పుడు అందులో నూడుల్సు, పైన చీజ్ ముక్క కూడా వేస్తారు. అది కొరియన్ తిండి కాదని అక్కడ ఎవరూ అనరు.

ఆస్టిన్‌లో నేను తినే తీరు కొంచెం మారింది. ఇక్కడ 2010లో చిలాంత్రో అనే ట్రక్ మొదలైంది, ఇప్పుడది హోటళ్ళుగా కూడా ఉంది. కిమ్చి ఫ్రైస్‌కి ఇక్కడ పేరు తెచ్చింది వాళ్ళే. మిగిలిపోయిన కిమ్చిని పారేయడం ఇష్టంలేక పెనం మీద వేయించి ఫ్రైస్ మీద పోశారట. పులుపు మీరిన కిమ్చిని వేపుడన్నంలోనో పులుసులోనో వాడటం కొరియన్ ఇళ్ళలో మామూలే, పిండి పులిసిపోతే మనం పుల్లట్లు పోసుకున్నట్టు. వేగిన కిమ్చికి పచ్చి వాసన పోయి ఉల్లిపాయ వేయించిన తీపి వస్తుంది. కిమ్చి వాసన పడనివాళ్ళు కూడా అలా తింటారు. కాకపోతే ఫ్రైస్ మీద చీజ్, మాంసం, మయోనీజ్ అన్నీ పోస్తారు, తిన్నాక మధ్యాహ్నం పని జరగదు. మొదటిసారే వద్దన్నది అందుకే. తీసుకుంటే ఇద్దరు పంచుకోండి.

పదహారు డాలర్ల సంగతి. ఖరీదే, కాదనను. అయితే ఆ బండి ఖర్చు కనబడే దానికన్నా ఎక్కువ. కాలిఫోర్నియాలో ట్రక్‌వాళ్ళు ఇంట్లో వండి తేకూడదు. అనుమతి ఉన్న కమిసరీ అనే వంటశాలకి బండిని రోజూ తీసుకెళ్ళి కడగాలి, మంచినీళ్ళు నింపుకోవాలి, మురుగునీళ్ళు అక్కడే వదలాలి. దానికి నెలనెలా అద్దె. ఒకచోట గంటకు మించి ఆగి అమ్మాలంటే 200 అడుగుల్లోపు పనివాళ్ళు వాడుకోవడానికి టాయిలెట్ ఉండాలి. అందుకే వాళ్ళు రోడ్డు పక్కన కాకుండా మీ ఆఫీసులాంటి చోట మాట్లాడుకుని ఆగుతారు. గ్యాసు, జనరేటర్, ముగ్గురు మనుషుల జీతం, ఇవన్నీ మధ్యాహ్నం రెండున్నర గంటల అమ్మకంలోంచే రావాలి. ఇదంతా తెలిశాక కూడా బౌల్‌కి పదహారు నాకు ఎక్కువే అనిపిస్తుంది. టాకోలు రెండుకి తొమ్మిదో పదో అయితే న్యాయంగా ఉంటుంది. కార్డు గీకాక తెర మీద 18, 20, 25 శాతం టిప్ అని వస్తే కంగారుపడకండి. వడ్డించే హోటల్‌లోలాగా ఇక్కడ అది తప్పనిసరి కాదు. నేను ఒకటో రెండో డాలర్లు వేస్తాను, నాకోసం పెనం గీకి వండినరోజు ఇంకొంచెం ఎక్కువ.

శుభ్రత చూసుకోవడానికి ఒక దారి ఉంది. లాస్ ఏంజెలెస్ కౌంటీలో ట్రక్కుల మీద కూడా ఏ, బీ, సీ అని గ్రేడు కార్డు అంటిస్తారు. తొంభై, ఆ పైన మార్కులొస్తేనే ఏ. మీ కౌంటీలో పద్ధతి వేరే అయినా తనిఖీ ఫలితాలు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. నేను చూసేది ఇంకొకటి, డబ్బు తీసుకునే చెయ్యీ తిండి పట్టుకునే చెయ్యీ ఒకటేనా అని. రెండూ ఒక్కరే చేస్తూ మధ్యలో గ్లవ్స్ మార్చకపోతే ఏ గ్రేడున్నా నేను వెనక్కి వచ్చేస్తాను. వండి ఉంచిన మాంసం 135 డిగ్రీల ఫారెన్‌హీట్‌కి, అంటే 57 సెల్సియస్‌కి తగ్గకుండా వేడిగా ఉండాలని నియమం. థర్మామీటర్ పెట్టి చూడలేం గానీ, చేతికొచ్చిన టాకోలోంచి ఆవిరి రాకపోతే మొహమాటపడకుండా మళ్ళీ వేడిచేయమనండి.

వేళ విషయానికొస్తే పదకొండున్నరకే వెళ్ళండి. పన్నెండుంపావుకి లైను పాములా మెలికలు తిరుగుతుంది, పన్నెండు ముప్పావుకి చికెన్ అయిపోయి షార్ట్ రిబ్ మాత్రమే మిగులుతుంది. మీకు అదే పనికిరాదు కదా. లైన్లో ఉండగానే బోర్డు ఫోటో తీసుకుని ఏం కావాలో అనుకుంటే కిటికీ దగ్గర తత్తరపాటు ఉండదు. పేరు అడిగితే చిన్నది చెప్పండి. నా పూర్తి పేరు చెప్పినన్నాళ్ళూ నా పార్సిల్ పక్కవాడు పట్టుకెళ్ళేవాడు. టాకో చేతికొచ్చాక పది నిమిషాల్లో తినేయాలి, అక్కడే నిలబడి అయినా సరే. రసం దిగి రొట్టె మెత్తబడితే అడుగు ఊడిపోతుంది. డెస్క్ దగ్గరికి తీసుకెళ్ళే ఆలోచన ఉన్నరోజు బౌల్ తీసుకోండి, అన్నమైతే ఆగుతుంది.

మాది హిందూపురం. మా పక్కనే పెనుకొండ దగ్గర కియా కార్ల ఫ్యాక్టరీ వచ్చి 2019లో కార్లు బయటికి రావడం మొదలయ్యాక, అక్కడికొచ్చిన కొరియన్ ఉద్యోగుల కోసం ఆ చుట్టుపక్కల కొరియన్ హోటళ్ళు కూడా వెలిశాయి. మా నాన్న ఒకసారి ఉబలాటంకొద్దీ వెళ్ళి కిమ్చి రుచిచూసి, "క్యాబేజీ పాడైపోయినట్టుందిరా, పారేయమని చెప్పు" అన్నారు. తరవాణి తాగి పెరిగిన మనిషే ఆయన కూడా, కాబట్టి పైన నేను రాసిన సూత్రం అందరికీ వర్తించదని ఒప్పుకుంటున్నాను.

చివరిగా వాసన సంగతి. వెల్లుల్లి, ఉల్లికాడ, పులిసిన క్యాబేజీ ఈ మూడూ కలిస్తే పుదీనా గమ్ములు, మౌత్‌వాష్‌లు ఏవీ పనిచెయ్యవు. సాయంత్రం దాకా ఉంటుంది. నేను మంగళవారం మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడింటిదాకా క్యాలెండర్లో ఖాళీ లేదని పెట్టేస్తాను. మా మేనేజర్ కూడా అదే లైన్లో నా వెనకే నిలబడతాడు కాబట్టి ఇంతవరకూ ఎవరూ ఎందుకని అడగలేదు.